మాట పూర్తయ్యేదాకా

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే అక్కచెల్లెళ్ళలో చెల్లెలు పుస్తకాల సంఘంలో చేరింది పుస్తకాల మీద మోజుతో కాదు, ఒక మనిషి మీద పగతో. ఆ మనిషి ఒకప్పుడు ఆమెకు బావ. ఇప్పుడు పేరుమోసిన నవలా రచయిత. పాము పగ పన్నెండేళ్ళంటారు. ఈమెది అంతకు రెండింతలు ముదిరిన పగ.

సంఘం సంగతి ఆమెకు చెప్పింది రిటైరైన ప్రిన్సిపాల్ గారు. కొత్త అద్దాలు వేయించుకోవడానికి వచ్చి, ఫ్రేములు పెట్టుకుంటూ తీస్తూ, "మేమొక నెల చరిత్ర పుస్తకం చదువుతామమ్మా, ఒక నెల పాత నవల. నవల రాసినవాళ్ళు బతికుంటే పిలిచి మాట్లాడిస్తాం" అన్నారు. ఆమె చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "నన్నూ చేర్చుకుంటారా సార్?" అంది.

ఈ నెల కాకపోతే వచ్చే నెల, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు, వీళ్ళు ఆ నవల దగ్గరికి రాక తప్పదు. ఆ రోజు తను ఆ గదిలో ఉండాలి. అంతే ఆమె అనుకున్నది. కానీ ఊరికే కూర్చోనివ్వరు కదా, చదవాలి. చదివింది. రాజుల యుద్ధాలు చదివింది, కరువుల చరిత్ర చదివింది, దిండంత నవలలు చదివింది. చదవగా చదవగా రుచి తెలిసింది. గ్రంథాలయం మేడమీద గదిలో, ఊగే కుర్చీ తనకు రాకుండా చూసుకుని కిటికీ పక్కన కూర్చుని, మందుల షాపాయనతో ఢీ అంటే ఢీ అని వాదించేది. పగ మాత్రం నివురు కింద నిప్పులా అలాగే ఉంది.

దుకాణంలో ముందు భాగం చెల్లెలిది. గోడకు వరుసగా ఫ్రేములు, నిలువుటద్దం, దీపం వెనక అక్షరాల బోర్డు. చెక్క తలుపు అవతల వెనక గది అక్కది. అక్కడ సానరాయి తిరుగుతూ ఉంటుంది, దాని మీద నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతూ ఉంటాయి. అక్క అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసి, వేలితో అంచు తడిమి, కాంతికి ఎత్తి చూసి పక్కన పెడుతుంది. ఆమె అరగదీసిన అద్దం ఫ్రేములోంచి జారిందని ఇంతవరకు ఎవరూ వెనక్కి తేలేదు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. అందుకే ఎంచుకుంది.

అక్కకు పుట్టుకతో నత్తి. అయినా ఒకప్పుడు బడిలో లెక్కల టీచరు. "లెక్కలకి నోరెందుకే, సుద్దముక్క చాలు" అనేది. పిల్లలకు ఆమె అంటే ప్రాణం. పెళ్ళాడినవాడు ఒక వారపత్రికలో ఉపసంపాదకుడు. మంచి మాటకారి. మొదట్లో మరదలిని "పిడుగు" అని పిలిచి, చాక్లెట్లు తెచ్చి నవ్వించేవాడు.

ఒక మధ్యాహ్నం నాన్న భోజనం చేస్తూ చేస్తూ పక్కకు ఒరిగిపోయాడు. వాళ్ళమ్మ అప్పటికే లేదు. ఇంట్లో ఉన్నది అక్కచెల్లెళ్ళిద్దరే. అల్లుడి ఆఫీసులో కారుంది. అక్క పక్కింటికి పరుగెత్తి ఫోను చేసింది. పక్కింటి కిటికీకీ వీళ్ళ గుమ్మానికీ మధ్య ఒక్క సందే. ఫోను ఆ కిటికీలోనే ఉండేది, అవతలి గొంతు కూడా బయటికి వినిపించేది. చెల్లెలు తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని విసురుతూనే ఆ మాటలన్నీ వింది. అక్క "నాన్న" అనబోయింది. మొదటి అక్షరం దాటి నాలుక కదల్లేదు. అవతల మొగుడు ఊహించడం మొదలుపెట్టాడు. నాటకమా? నాలుగింటికా? నాకా? అతని వెనక ఆఫీసంతా నవ్వుతున్న చప్పుడు ఫోనులోంచి బయటికి వచ్చింది. "ఇంటికొచ్చాక తీరిగ్గా వింటాలే" అని పెట్టేశాడు. ఎవరో కూరగాయల బండి తెచ్చి ఆసుపత్రికి చేర్చేసరికి నాన్న లేడు.

తర్వాత ఆరు నెలలకు వారపత్రికలో సీరియల్ మొదలైంది. గుమాస్తా మొగుడు, నత్తి పెళ్ళాం. ఆ పెళ్ళానికి రచయిత పెట్టిన పేరు నత్తమ్మ. ఇంట్లో అక్క తడబడ్డ ప్రతి మాటా తర్వాతి వారం అచ్చులో కనిపించేది, అక్షరాలు విరిచి, చుక్కలు పెట్టి. అందులోకెల్లా పేరొచ్చింది ఫోను ఘట్టం. ఇంట్లో దొంగపడతాడు. నత్తమ్మ మొగుడికి ఫోను చేసి "దొంగ" అనలేక "దొ" దగ్గరే ఆగిపోతుంది. మొగుడు "దొడ్డమ్మొచ్చిందా? దొప్పలు కావాలా? దొడ్డి తలుపా?" అని అడుగుతూనే ఉంటాడు. చివరికి దొంగే విసిగిపోయి, మూట కింద పెట్టి, ఫోను అందుకుని, "దొంగనండీ, ఆవిడ చెప్పేది నా గురించే" అంటాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నిజం చెప్పాలంటే ఆ ఘట్టం నవ్వొచ్చేలాగే ఉంటుంది. చెల్లెలికి అదే కడుపుమంట.

ఒక ఉదయం అక్క తరగతిలోకి వెళ్ళేసరికి నల్లబల్ల మీద పెద్ద నత్త బొమ్మ, కింద నత్తమ్మ అని రాత. అక్క దాన్ని తుడిచింది. భిన్నాల పాఠం పూర్తిగా చెప్పింది. సాయంత్రం ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చింది.

"నిన్ను అమరురాలిని చేశాను, ఏడుస్తావేంటి?" అన్నాడు మొగుడు. ఆ తర్వాత అక్క ఇంట్లో నోరు విప్పడమే మానేసింది. విడాకులు కావాలని కోర్టుకెక్కినప్పుడు అతను చెప్పిన కారణం కూడా అదే: ఇంట్లో మాటా పలుకూ లేదట.

*

ఆ నెల సంఘం చదివింది ఒక చరిత్ర పుస్తకం. ఒక సేనాని ఊరి తర్వాత ఊరు గెలుచుకుంటూ వస్తాడు. ప్రతి ఊళ్ళోనూ ఏడుపులైనా వినిపిస్తాయి, జేజేలైనా వినిపిస్తాయి. ఒక ఊళ్ళో మాత్రం జనం వీధికి రెండు వైపులా నిలబడి ఊరికే చూస్తారు. ఏడవరు, తిట్టరు, దండం పెట్టరు. సేనాని గుర్రం మీద తన మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక తికమకపడి, ఆ ఊళ్ళో పట్టుమని వారం కూడా ఉండలేక వెళ్ళిపోతాడు.

"పిరికితనం. వేరే మాటెందుకు?" అన్నాడు మందుల షాపాయన.

"పిరికితనమా? అతని గెలుపుని అతని నోటి దగ్గర లాగేసుకున్నారండీ వాళ్ళు" అంది చెల్లెలు. "కొడితే వాడికి అలవాటే. ఏడిస్తే వాడికి పండగ. ఏమీ ఇవ్వకపోతేనే కదా వాడు చచ్చేది!"

"అబ్బో, ఇవాళ అమ్మగారు కత్తి నూరుకొచ్చారు" అని నవ్వాడాయన.

చివర్లో ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకుని, వచ్చే నెల నవల పేరు చెప్పారు. ఆ నవలే. కొత్త ముద్రణ వచ్చిందట. రచయిత స్వయంగా వస్తున్నారట. "ఫోను ఘట్టం ఆయన నోటే వినొచ్చు! నేను ఇరవై ఏళ్ళు ఆ పాఠం చెప్పాను, ఒక్క క్లాసులో కూడా నవ్వకుండా ముగించలేకపోయాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లెలూ కొట్టింది.

ఇన్నాళ్ళూ ఆమె అనుకున్నది ఒకటే, అందరిముందూ నిలబెట్టి కడిగెయ్యాలని. ఇప్పుడు తలుచుకుంటే అది ఎందుకూ కొరగాని పనిలా తోచింది. కడిగేస్తే ఏమవుతుంది? ఎవరో పిచ్చిదంటారు, అతను నవ్వి ఓ చమత్కారం విసురుతాడు, జనం దానికీ నవ్వుతారు. మాటలతో అతన్ని గెలవడం ఎవరి తరం? అతను చదువుతుంటే ఎవరూ నవ్వకూడదు. అది కావాలి ఆమెకు. కానీ ఆ ఘట్టానికి నవ్వని మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

వాళ్ళలో మొదటివాడు తనంతట తానే దుకాణానికి వచ్చాడు. ఒక బస్సు కండక్టరు కళ్ళు చూపించుకోవడానికి వచ్చి, బోర్డు మీది అక్షరాల దగ్గర తడబడుతున్నాడు. ఆమె అద్దం మార్చింది. మళ్ళీ మార్చింది. అతను నవ్వి, ఆగి ఆగి చెప్పాడు: "అక్షరం కనిపిస్తోందమ్మా. నోరే రావట్లేదు. స్టాపు పేరు నా నోట్లోంచి వచ్చేలోగా స్టాపే వెళ్ళిపోతుంది." ఆసుపత్రిలో ప్రతి శనివారం తనలాంటివాళ్ళు కలుస్తారనీ, మాటల టీచరమ్మ ఒకావిడ కూర్చోబెట్టి మాట్లాడిస్తుందనీ చెప్పాడు.

ఆ శనివారం చెల్లెలు ఆసుపత్రికి వెళ్ళింది. గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒక వడ్రంగి, లా చదివే అమ్మాయి, మనవడిని వెంటబెట్టుకొచ్చిన ఒక పెద్దావిడ, ఇంకా కొందరు ఉన్నారు. ఏదీ దాచకుండా చెప్పింది. అక్క సంగతి, నాన్న సంగతి, ఫోను సంగతి. "నాకు పగ తీర్చుకోవాలనుంది. మీ సాయం కావాలి" అంది.

మాటల టీచరమ్మ మొహం ముడుచుకుంది. "వీళ్ళు ఇక్కడికొచ్చేది ధైర్యం తెచ్చుకోవడానికండీ. మీ పగకి వీళ్ళని పనిముట్లుగా వాడుకుంటానంటే ఎలా?"

లా చదివే అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె మాట మొదలుపెట్టి చాలాసేపు ఒకే అక్షరం దగ్గర నిలబడింది. గదిలో ఎవరూ కదల్లేదు. "నత్తమ్మ. స్కూల్లో నా పేరు అదే" అంది చివరికి. "ఆ పుస్తకం నాకు పదో తరగతిలో పాఠం. క్లాసులో నన్నే చదవమన్నారు."

కండక్టరు టీచరమ్మ వైపు తిరిగాడు. "ఆవిడ పగ ఆవిడది మేడమ్. మాది మాకుంది."

*

ఆ ఆదివారం మధ్యాహ్నం మేడమీద గది కిక్కిరిసింది. ప్రిన్సిపాల్ గారు ఇంతమంది పాఠకులా అని మురిసిపోయి, కింది నుంచి బెంచీలు తెప్పించారు. రచయిత వచ్చాడు. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అలాగే ఉంది, తేనె పూసినట్టు. చెల్లెలికి నమస్కారం పెట్టి పక్కనుంచి వెళ్ళిపోయాడు. గుర్తుపట్టలేదు.

నాలుగు మంచి మాటలయ్యాక పుస్తకం తెరిచాడు. నిజానికి పుస్తకం అక్కర్లేదు, ఘట్టమంతా అతనికి కంఠతా వచ్చు. ఊహాత్మక ఫోను చెవి దగ్గర పెట్టుకుని నత్తమ్మ అయ్యాడు. కళ్ళు తేలేశాడు, మెడ ముందుకు సాచాడు, ఒకే అక్షరాన్ని కోడి గింజ పొడిచినట్టు పొడిచాడు. మందుల షాపాయన ఫక్కున నవ్వాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత వాళ్ళకే ఏదో తేడాగా తోచి చుట్టూ చూశారు. బెంచీల మీద కూర్చున్న శనివారం గుంపువాళ్ళు ఊరికే చూస్తున్నారు. కోపంగా కాదు, బాధగా కాదు. బస్సు కోసం చూస్తున్నట్టు చూస్తున్నారు.

అతను గొంతు పెంచాడు. దొడ్డమ్మ దగ్గర ఎప్పుడూ వచ్చే నవ్వు రాలేదు. దొప్పల దగ్గర రాలేదు. చప్పట్ల కోసం అలవాటుగా ఆగిన చోట ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. దొంగ ఫోను అందుకునే మాట హడావిడిగా చదివేసి పుస్తకం మూశాడు. "ఇవాళ శ్రోతలు కాస్త గంభీరంగా ఉన్నట్టున్నారు" అన్నాడు.

"ప్రశ్నలుంటే అడగొచ్చు" అన్నారు ప్రిన్సిపాల్ గారు కంగారుగా.

కండక్టరు లేచాడు. "ఆ" అని మొదటి అక్షరం పలికాడు. ఆగిపోయాడు. రచయిత చిరునవ్వుతో ఎదురుచూశాడు. కాసేపటికి ఆ చిరునవ్వు ఇరుకైంది. "ఆఖరి అధ్యాయం గురించా?" అన్నాడు.

కాదన్నట్టు కండక్టరు తల ఊపాడు.

"ఆవిష్కరణ గురించా? ఆత్మకథ ఎప్పుడనా?"

"దయచేసి ఆయన మాట మీరు పూర్తి చెయ్యకండి" అంది మాటల టీచరమ్మ వెనకనుంచి, మర్యాదగానే. "ఆయనే చెప్తారు."

"అయ్యో, సాయం చేద్దామని. ఆదాయం గురించా కొంపదీసి?"

కిసుక్కుమని నవ్వింది మందుల షాపాయనే. చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ నవ్వు కుర్చీల వెంట పాకింది. ఎదురుగా రచయిత అడ్డదిడ్డంగా ఊహిస్తున్నాడు, అవతలి మనిషి చెప్పేదొకటి, ఇతను అనేదొకటి. నవల్లోని గుమాస్తా మొగుడు అచ్చం దిగొచ్చినట్టుంది. ఆ సంగతి అతనికి కూడా అప్పుడే తట్టింది కాబోలు, మెడ దగ్గర ఎర్రబడింది.

"ఆ మొగుడు," అన్నాడు కండక్టరు చివరికి, "ఎందుకు ఒక్క నిమిషం ఆగలేకపోయాడు సార్?"

జవాబు వచ్చేలోగా లా అమ్మాయి లేచింది. తర్వాత వడ్రంగి. తర్వాత పెద్దావిడ. ఎవరికీ తొందర లేదు. ఎవరి మాట దగ్గర వాళ్ళు ఆగారు, ఊపిరి పీల్చుకున్నారు, మళ్ళీ మొదలుపెట్టారు. అతను కుర్చీలో అటు ఒరిగాడు, ఇటు ఒరిగాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ తాగాడు. చెల్లెలు కిటికీ పక్కనుంచి అతని మొహం మీదే చూపు నిలిపి, ఇన్నేళ్ళ ఆకలికి అన్నం తింటున్నట్టు చూసింది.

అప్పుడు తను లేచింది.

"ఆ ఫోను నిజంగా వచ్చింది కదండీ మీకు?"

"నవలంటే ఊహ కదమ్మా."

"దొంగ మీ ఊహ. ఫోను కాదు. ఆవిడ చెప్పబోయిన మాట వేరు. నాన్న తల ఒళ్ళో పెట్టుకుని నేనక్కడే ఉన్నాను బావా."

అతను కళ్ళు చిట్లించి చూశాడు. "పిడుగు" అన్నాడు మెల్లగా.

ఆమె గదివైపు తిరిగి రెండు ముక్కల్లో చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

అతను తడబడతాడేమో అనుకుంది. తడబడలేదు. తేనెగొంతుతోనే, "కళకి ముడిసరుకు జీవితమే కదమ్మా. బాధని నవ్వుగా మార్చడమే రచయిత పని" అన్నాడు. అంత చక్కటి వాక్యం, అంత సాఫీగా! ఆమెకు చెంప పగలగొట్టాలనిపించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఎవరి బాధండీ?" అని అడిగారు. "మీదా?"

రచయిత ఇంకో చోటికి వెళ్ళాలని గొణిగి, శాలువా కూడా తీసుకోకుండా మెట్లు దిగాడు. చీకటి మెట్లు. ఒక మెట్టు దగ్గర కాలు జారి, కమ్మీ పట్టుకున్న చప్పుడు పైకి వినిపించింది.

*

సాయంత్రం చెల్లెలు దుకాణానికి వచ్చేసరికి వెనక గదిలో సానరాయి తిరుగుతోంది. ఆనందం పట్టలేక గుమ్మంలోనే మొదలుపెట్టి అంతా చెప్పింది. అతని మెడ ఎలా ఎర్రబడిందో, నీళ్ళు ఎలా తాగాడో, మెట్ల మీద ఎలా జారాడో. అక్క యంత్రం ఆపింది. చేతులు తుడుచుకుంది.

"నన్నెందుకు పిలవలేదు?" అంది. ఆ రెండు మాటలకు చాలాసేపు పట్టింది.

"నువ్వు బాధపడతావని..."

"నాన్న సంగతి నువ్వే చెప్పావు. నా సంగతి నువ్వే చెప్పావు." అక్క ఆగింది. చెల్లెలు అలవాటుగా, "కోపమొచ్చిందా?" అంది.

"పూర్తి చెయ్యకు!" అక్క బల్ల మీద చరిచింది. పెట్టెలో అద్దాలు గలగలమన్నాయి. "కూరగాయలవాడితో నువ్వే. కోర్టులో నువ్వే. షాపులో నువ్వే. అతను నా మాట ఎగతాళి చేశాడు. నువ్వు నా మాట మింగేశావు. ఇప్పుడు నా పగ కూడా నువ్వే తినేసొచ్చావా?"

ఇన్నేళ్ళలో అక్క ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం చెల్లెలు వినలేదు. ఏదో అనబోయి మానుకుంది. అక్క ఊపిరి తీసుకుని ఏం చెప్పబోతోందో దానికోసం ఆగింది. అలా ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"మళ్ళీ ఎక్కడ చదువుతున్నాడు?" అంది అక్క.

పొరుగు ఊళ్ళో కాలేజీ హాలులో. ఆ సంగతి కండక్టరు ముందే కనుక్కున్నాడు. ఆ ఊరి బస్సు అతనిదే.

ఆ రోజు కాలేజీ హాలులో అక్క ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. బెంచీలవాళ్ళంతా వెనక రెండు వరసల్లో సర్దుకున్నారు. రచయిత వేదికెక్కి, నవ్వుతూ హాలంతా కలియజూసి, ముందు వరస దగ్గర ఆగిపోయాడు. ఆ రోజు వాన గురించిన వర్ణన చదివాడు, పల్లెటూరి రైలు స్టేషన్ చదివాడు. ఫోను ఘట్టం చదవండని కుర్రాళ్ళు వెనకనుంచి అరిచినా వినిపించుకోలేదు.

అక్క లేచి నిలబడింది. ఎవరో మైకు ఇచ్చారు. హాలంతా సద్దుమణిగింది. మొదటి మాట రావడానికి చాలా సమయం పట్టింది. పక్క కుర్చీలో చెల్లెలు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పళ్ళు బిగించి కూర్చుంది. కుర్రాళ్ళలో ఒకడు నవ్వబోయాడు. వెనక వరసలవాళ్ళు మెడలు తిప్పి వాడిని చూశారు. వాడి నవ్వు గొంతులోనే ఆగింది.

"అందరూ అడుగుతున్నారు కదా. ఫోను ఘట్టం చదవండి" అంది అక్క.

"ఇవాళ గొంతు బాగోలేదండీ" అన్నాడు అతను.

"ఫరవాలేదు." ఆమె కూర్చోలేదు. మైకు దించలేదు. "ఆగుతాను."

అతను పుస్తకం తెరిచాడు. ఆ పేజీ తీశాడు. నత్తమ్మ ఫోను అందుకుంది అన్నంతవరకు చదివాడు. తర్వాతి అక్షరం పలకాలి. ఎదురుగా ఆమె నిలబడి ఉంది. అతను నోరు తెరవలేదు. నిర్వాహకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఎవరో నీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టారు, ఇంకెవరో గడియారం చూశారు. చివరికి అతను పుస్తకం మూసి బల్ల మీద బోర్లించాడు. "క్షమించాలి" అన్నాడు. ఆమెతో అన్నాడో సభతో అన్నాడో ఎవరికీ తెలియలేదు. అక్క కూడా దాన్ని పట్టించుకోలేదు. మైకు తిరిగిచ్చేసి, పమిట సర్దుకుని కూర్చుంది.

నవల ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతుంది. జనం కొంటారు, నవ్వుతారు. ఆ ఘట్టాన్ని మాత్రం అతను మళ్ళీ ఎక్కడా చదవలేదు. ఏ సభకు పిలిచినా ముందు వరసలో ఎవరెవరు కూర్చుంటారని అడుగుతాడని ప్రిన్సిపాల్ గారు ఎక్కడో విని వచ్చి చెప్పారు. చెల్లెలు ఆ రోజు దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ మిఠాయి పంచింది, ఎందుకని అడిగినవాళ్ళకు ఊరికే అంది.

ఆ కాలేజీ సభ అయిన సాయంత్రమే, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అక్కను చెల్లెలు అడిగింది, "తీరిందా అక్కా?"

అక్క ఆలోచించింది. బస్సు రెండు స్టాపులు దాటింది. చెల్లెలు ఈసారి నోరు మెదపకుండా ఎదురుచూసింది.

"లేదు" అంది అక్క. "కానీ బాగుంది."